సముద్రం వైపు ఇక కట్టొద్దు

విశాఖ ఆర్కే బీచ్‌లో మనం కూర్చునే ఇసుక అక్కడే పుట్టింది కాదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరం వెంబడే దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుకను మోసుకొస్తాయి. 1970ల్లో డాల్ఫిన్స్ నోస్ పక్కన ఔటర్ హార్బర్ గోడలు లేచాక ఆ ఇసుక చాలావరకు అక్కడే ఆగిపోతోంది. అందుకే పోర్టువాళ్లు పూడిక తీసిన ఇసుకను గొట్టాల్లో తెచ్చి బీచ్‌లో పోయాల్సి వస్తోంది. హైస్కూల్లో భూగోళం చెప్పిన రోజుల్లో ఈ పాఠానికి నాకు పటం అవసరం ఉండేది కాదు. పిల్లల్ని బీచ్ రోడ్డుకు తీసుకెళితే సరిపోయేది.

పోర్టు వద్దని నేననను. విశాఖ పెరిగిందే దానివల్ల. కానీ ఆ గోడలకు ఇన్ని దశాబ్దాలుగా మూల్యం చెల్లిస్తూ కూడా, రోడ్డు దాటి సముద్రం వైపే మరో రెస్టారెంటు, మరో వ్యూపాయింటు అంటుంటే ఊరుకోలేను. 2021 డిసెంబరులో జవాద్ తుపాను బలహీనపడిపోయింది. అయినా ఆర్కే బీచ్‌లో పిల్లల పార్కు ప్రహరీ కూలింది, నేల బీటలు వారి కుంగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను కళ్లారా చూసిన ఊరికి ఇంతకంటే ఏం చెప్పాలి?

బీచ్ అందరిదీ. సాయంత్రం పూట మురీ మిక్చర్ కొనుక్కుని పిల్లల్ని అలల్లో ఆడించుకునే కుటుంబాలకు టికెట్ లేని వినోదం అదొక్కటే. వాళ్లకు కావలసింది శుభ్రమైన మరుగుదొడ్డి, మంచినీళ్లు, ఈత తెలిసిన లైఫ్‌గార్డు. 2020లో రుషికొండకు బ్లూఫ్లాగ్ వచ్చింది ఇలాంటి వాటికే. 2025లో నిర్వహణ సరిగా లేక ఆ గుర్తింపు కొన్నాళ్లు పోయి, మళ్లీ వచ్చింది. మనకు లోటు సిమెంటుది కాదు, రోజువారీ శ్రద్ధది.

ఇక మత్స్యకారులుండే పెద జాలారిపేట సంగతి. చేపలకు వెళ్లినప్పుడు అక్కడొకామె అడిగింది: “అన్నీ కట్టేత్తే తెప్ప ఎక్కడికి లాగమంటారు టీచరమ్మా? వల ఎక్కడారెట్టాలి?” సుందరీకరణ నమూనా బొమ్మల్లో బెంచీలుంటాయి, కొబ్బరిచెట్లుంటాయి. తెప్ప ఎక్కడా ఉండదు. తీరాన్ని తరాలుగా వాడుకుంటున్న వాళ్లకు ముందు చోటు గీసి, మిగిలిన దాంట్లో మన విహారం చూసుకోవడమే న్యాయం.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు కూడా ఈ ఇసుకలోకే గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల వెలుతురు ఎటుంటే అటు పాకుతుంది. చీకటి రాత్రి సముద్రమే వెలుతురు. ఫ్లడ్‌లైట్లు వేస్తే రోడ్డు వైపు పోతుంది. గుడ్లు పెట్టి పిల్లలయ్యే ఆ నాలుగైదు నెలలు ఇసుక మీద పడే దీపాలు తగ్గించడం పెద్ద ఖర్చేమీ కాదు.

చట్టం కూడా సడలింది. 2011 తీరప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనల్లో గ్రామాల తీరాన 200 మీటర్ల మేర నిర్మాణాలు నిషేధం. 2019లో జనసాంద్రత ఎక్కువున్న పల్లెలకు దాన్ని 50 మీటర్లకు కుదించారు. భీమిలి వైపు భూముల ధరలు తెలిసినవారికి దీనర్థం వివరించనక్కర్లేదు.

నేను కోరేది ఒక్కటే. బీచ్ రోడ్డుకు సముద్రం వైపున కొత్తగా పక్కా కట్టడం ఏదీ వద్దు, అది ప్రభుత్వానిదైనా సరే. హోటళ్లు రోడ్డుకు ఇవతల కట్టుకోవచ్చు, వ్యాపారమూ చేసుకోవచ్చు. తీరానికి సంబంధించిన ఏ ప్రాజెక్టు మీదైనా ప్రజాభిప్రాయ సేకరణ పెడితే వెళ్లండి. జాలారిపేట నుంచి నలుగుర్ని వెంటబెట్టుకుని వెళ్లి, అభ్యంతరం కాగితం మీద రాసి ఇవ్వండి.