వీడ్కోలు ముద్ర ఎందుకు?

స్వరకర్త గుస్తావ్ మాలర్ ‘భూమి గీతం’ను చావును చూసినవాడి వీడ్కోలుగా పరిచయం చేయడం కచేరీల్లో రివాజైపోయింది. ఆధారాలు లేకపోలేదు. 1907లో పెద్ద కూతురు పోయింది, ఆయనకు గుండె జబ్బు బయటపడింది. ఆరు పాటల్లో చివరిదాని పేరే ‘వీడ్కోలు’, అదొక్కటే దాదాపు అరగంట. అయితే మరుసటి ఏడాది దీన్ని రాసిన మనిషి మంచం పట్టలేదు. న్యూయార్క్‌లో కచేరీలు నడిపాడు, తొమ్మిదో సింఫనీ పూర్తిచేశాడు, పదోది మొదలుపెట్టాడు, 1910లో మ్యూనిక్‌లో ఎనిమిదోదాన్ని తానే నిర్వహించాడు.

మాలర్ చావు ఈ రచనలో మిగిల్చిన అసలు లోటు వేరు. 1911 మేలో మాలర్ పోయాక, నవంబరులో కండక్టర్ బ్రూనో వాల్టర్ మ్యూనిక్‌లో దీన్ని తొలిసారి వినిపించాడు. తన రచనను చెవులారా విన్నాక వాద్యాల పాళ్లు సవరించడం మాలర్ అలవాటు. దీనికి ఆ యోగం లేకపోయింది. మొదటి పాటలో హారన్లు, ట్రంపెట్లు విరుచుకుపడితే తారస్థాయిలో టెనర్ గొంతు నలిగిపోతుంది. అది తాగేవాడి పాట కాబట్టి ఆ నలుగుడే అందమనేవారున్నారు, కొంత నిజమే. కానీ చివరి పాటలో ఆల్టో గాయని పక్కన ఒక్క ఫ్లూట్‌ను, కింద ఒకే మంద్రస్వరాన్ని నిలిపినవాడికి గొంతుకు చోటివ్వడం తెలియదా? కండక్టర్లు మొదటి పాటలో ఇత్తడి వాద్యాలను మొహమాటం లేకుండా తగ్గించాలి. రిహార్సల్ సమయం ముందు దానికే కేటాయించాలి.