ఎలుకను కాదు, కుంటలో నీళ్లను పరీక్షించండి

మా అవ్వ కాళ్లకు మోకాళ్ల దాకా ఎర్రటి దద్దుర్లు ఉండేవి. చెరువులో తుంగ కోసినా, మడిలో నాటు వేసినా, చేపలకు దిగినా సాయంత్రానికి గోకుడు మొదలు. నేను డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి ఆసుపత్రికి తీసుకుపోయినా. అక్కడున్న ఆయన కాళ్ల వైపు సరిగ్గా చూడను కూడా లేదు. "యానాదోళ్లా? శుభ్రంగా స్నానం చేయమను" అని గజ్జి మందు రాసిచ్చినాడు. బతుకంతా నీళ్లలోనే గడిపిన మనిషికి స్నానం గురించి పాఠం!

మిత్రులారా, ఆ దురద గురించే ఈ వ్యాసం. చెరువులో, మడిలో దిగినోళ్లకు వచ్చే ఇట్లాంటి దురదకు సైన్సుకు బాగా తెలిసిన కారణం ఒకటుంది. అది మురికి కాదు, పురుగు. పశువుల రక్తనాళాల్లో బతికే ఈ పురుగును షిస్టోసోమా అంటారు. మనం నెత్తురు పురుగు అనుకుందాం. దాని గుడ్లు పేడతో నీళ్లలో పడతాయి. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల నత్తలోకి దూరుతుంది. నత్తలో వేలకు వేలుగా పెరిగి మళ్లీ నీళ్లలోకి వస్తుంది. నీళ్లలో నిలబడిన ఎనుము కాలో, ఎద్దు మూతో దొరికితే చర్మం తొలుచుకుని లోపలికి పోతుంది. పొరపాటున మనిషి కాలు దొరికితే చర్మంలోకి దూరి అక్కడే చచ్చిపోతుంది. మనకు మిగిలేది దద్దుర్లు, దురద.

మన పశువుల పురుగులు మన ఒంట్లో పెరగలేవు. ఆ గోడ మనల్ని కాపాడుతోంది. అయితే ప్రపంచంలో కొన్ని చోట్ల ఇట్లాంటి గోడ పగిలింది. ఎట్లా పగిలిందో మనం తెలుసుకోవాలి.

ఈ పురుగుల్లో ఆడ, మగ వేరువేరు. మగది ఆడదాన్ని తన ఒంటి మడతలో పెట్టుకుని ఏళ్ల తరబడి జంటగా బతుకుతుంది. ఒక్కో జాతికి ఒక్కో చోటు. ఆఫ్రికాలో మనిషి పురుగు మూత్రాశయం చుట్టూ ఉండే రక్తనాళాల్లో ఉంటుంది. పశువుల పురుగు పేగుల దగ్గర ఉంటుంది. జంతువు వేరు, ఒంట్లో చోటు వేరు కాబట్టి రెండూ కలవవు. కానీ ఒకే నీళ్లలో మనుషులు, మందలు, అడవి జంతువులు అందరూ దిగాల్సి వస్తే రెండు జాతులూ ఒకే ఒంట్లోకి చేరతాయి. అప్పుడు ఈ జాతి మగది ఆ జాతి ఆడదాన్ని పట్టుకుంటుంది. సంకర పురుగు పుడుతుంది. సంకర పురుగులు కొన్ని రెండు వైపుల నత్తల్లోనూ, రెండు వైపుల ఒళ్లలోనూ పెరగగలవు.

సెనెగల్ దేశంలో ఇదే జరిగింది. సెనెగల్ నది మీద 1986లో డయామా ఆనకట్ట వచ్చింది. ఉప్పునీళ్లు ఆగినాయి, కాలువలు నిండినాయి, చెరకు తోటలు పెరిగినాయి, నత్తలూ పెరిగినాయి. కొన్నేళ్లకే రిచర్డ్ టోల్ పట్టణం నెత్తురు పురుగు జబ్బుతో అల్లాడింది. 2009లో శాస్త్రవేత్తలు సెనెగల్ పిల్లల్లో మనిషి పురుగు, పశువుల పురుగు కలిసిన సంకరాన్ని చూపించినారు. 2018లో అక్కడి కాలువ గట్ల ఎలుకల్లోనూ ఈ జాతుల పురుగులు, సంకరాలు ఉన్నాయని తేలింది. 2013లో యూరప్‌లోని కోర్సికా దీవిలో కావు అనే నదిలో ఈత కొట్టినోళ్లకు మూత్రంలో నెత్తురు పడింది. డి.ఎన్.ఎ. చూస్తే సంకర పురుగు, దాని మూలం సెనెగల్ వైపు. ఒక దేశపు కాలువ పురుగు సముద్రం దాటి ఇంకో దేశపు నదిలో కాపురం పెట్టింది.

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. మన చెరువుల్లో కనిపించే చుట్ట నత్త, ఇండోప్లానార్బిస్, ఒక్కటే మూడు జాతుల పశువుల నెత్తురు పురుగులను మోస్తుంది. అందులో ఒకటి ముక్కు రక్తనాళాల్లో ఉంటుంది. ఎద్దు ముక్కులో కండ పెరిగి రాత్రంతా గురక పెడుతుందే, అదే ఇది. ఆ గురక రోగం పురుగును 1930లలో మద్రాసులో ఎం. అనంత నారాయణ రావు అనే పశువైద్య శాస్త్రవేత్త వివరించినాడు. అప్పుడు మన చిత్తూరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మిగతా రెండూ పేగుల దగ్గర చేరతాయి. ఒక నత్త, ఒక కుంట, ఒక ఎద్దు: మూడు పురుగులకూ అవే చాలు.

ఏనుగుకూ సొంత నెత్తురు పురుగు ఉంది. 1945లో ముదలియార్, రామానుజాచారి అనే ఇద్దరు దాన్ని గుర్తించి రాసినారు. అది ఏనుగులదే అనుకున్నారు. 2014లో నేపాల్ చిత్వన్ అడవిలో లద్దెలోని గుడ్ల డి.ఎన్.ఎ. చూస్తే ఖడ్గమృగంలోనూ అదే పురుగు. ఒకే నీళ్లు తాగే జంతువుల మధ్య పురుగు గోడ దూకగలదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

హార్స్లీ హిల్స్ అని బోర్డు రాసిన కొండ మనకు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు మల్లమ్మకు తిండి తెచ్చి పెట్టేవని మన పెద్దోళ్ల కథ. చాలా తరాలు ఇక్కడ ఏనుగులు లేవు. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు అడవులు ఇరుకై కుప్పం, పలమనేరు వైపు తిరిగి వచ్చినాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించినారు. ఎండాకాలంలో అడవిలో నీళ్లు ఉండవు. ఏనుగు మన కుంటకే వస్తుంది. మన ఎనుములు, మేకలు అదే కుంటలో. మనమూ అదే కుంటలో. ఇంకోపక్క హంద్రీ నీవా కాలువలు మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వచ్చినాయి. ఆ నీళ్ల కోసం మనమూ కొట్లాడినాము, వద్దనడం లేదు. కానీ కాలువతో పాటు నత్త కూడా వస్తుందని సెనెగల్ చెప్పిన పాఠం మరిచిపోతే ఎట్లా?

నా భయం పురుగు గురించి మాత్రమే కాదు. రేపు ఇట్లాంటి సంకర పురుగు మన దగ్గర దొరికితే మొదటి వేలు ఎవరి వైపు చూపిస్తారు? ఎలుకలు పట్టేది యానాదులు, నత్తలు ఏరుకునేది యానాదులు, పందులు మేపేది ఎరుకలోళ్లు, అడవిలో మేకలు తోలేది తండా జనం. "వీళ్ల వల్లే" అని రాయడానికి ఒక్క రోజు చాలు. అందుకే ఇప్పుడే చెప్తున్నా: ఈ పురుగు ఎలుక కూర తింటే రాదు. నీళ్లలో దిగితే చర్మం గుండా వస్తుంది. ఇంజనీరు కొడుకు దిగినా ఒకటే, యానాది పిల్లోడు దిగినా ఒకటే. తేడా ఏమంటే, మనం రోజూ దిగుతాము, ఆయన దిగడు.

మన తప్పూ ఒప్పుకుందాం. మందను కుంటలోనే పడుకోబెట్టడం, పేడంతా నీళ్లలో కలవడం మన వైపు నుంచీ జరుగుతోంది. గట్టు మీద తొట్టి కట్టి నీళ్లు పెడితే మందకూ మంచిది, ఏనుగుకూ మంచిది. కానీ తొట్టికి డబ్బులు, పశువులకు మందు ఎవరిస్తారు? మేపుడు బంద్ చేయడం జవాబు కాదు. అడవిలోకి పోనీయకపోతే మందలన్నీ ఊరి కుంట ఒక్కదాని మీదే పడతాయి. కలవకూడనివన్నీ అక్కడే కలుస్తాయి.

2006 అటవీ హక్కుల చట్టం మేపుకునే హక్కును, నీటి వనరుల హక్కును గుర్తించింది. ఐదో సెక్షన్ ఇంకో మాట అంటుంది: నీటి వనరులను, వన్యప్రాణులను కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. షెడ్యూల్డ్ ఏరియా కాకపోయినా ఈ చట్టం మనకు వర్తిస్తుంది. అందుకే అడుగుతున్నాం.

ఒకటి, అడవి అంచు కుంటల్లో నత్తలను ఏటా పరీక్ష చేయాలి. నత్తను గాజు గ్లాసు నీళ్లలో వెలుతురులో పెడితే పురుగు పిల్లలు బయటికొస్తాయి, మామూలు మైక్రోస్కోపు చాలు. ఏ కుంటలో ఏ నత్త ఉందో మన యువకులకు తెలుసు. వాళ్లకు శిక్షణ ఇచ్చి, కూలి కట్టివ్వాలి.

రెండు, పలమనేరు దగ్గర ముసలిమడుగు క్యాంపులో కుంకీ ఏనుగులున్నాయి. వాటి లద్దె, కుంటల దగ్గర దొరికే అడవి ఏనుగు లద్దె, ఊరి పశువుల పేడ మూడూ కలిపి చూడాలి. దొరికిన గుడ్ల డి.ఎన్.ఎ. తీయాలి. పశు సంవర్ధక శాఖ, అటవీ శాఖ, ఆరోగ్య శాఖ ఎవరి ఫైలు వాళ్లు పట్టుకుంటే పురుగు నవ్వుకుంటుంది.

మూడు, ఫలితాలు ముందుగా గ్రామసభకు తెలుగులో చెప్పాలి. పేపర్లో చదివి తెలుసుకునే గతి మాకొద్దు.

నాలుగు, చెరువు దురదతో వచ్చిన మనిషిని ఆసుపత్రిలో అడగాల్సిన మొదటి ప్రశ్న "స్నానం చేస్తావా?" కాదు. "ఏ నీళ్లలో దిగినావు?" అని అడగాలి.

మా అవ్వ ఇప్పుడు లేదు. ఆమెను ఆ ప్రశ్న అడిగుంటే కుంట పేరు, గట్టు, దిగిన నెల, పక్కన ఎవరి ఎనుములున్నాయో అన్నీ చెప్పుండేది. అడిగినోళ్లే లేరు. ఇప్పుడైనా అడగండి, చెప్పడానికి మేమున్నాము.