విశాఖ యాత్రకు ముందే లెక్క చూసుకోవాలి

శని, ఆదివారాలు వచ్చాయంటే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెల నుంచి విశాఖపట్నానికి వ్యాన్లు బయలుదేరడం మామూలే. కార్తీక మాసంలో అయితే చెప్పనక్కరలేదు. నాలుగు కుటుంబాలు కలిసి తలా కొంత వేసుకుని ఒక బండి మాట్లాడుకుంటాయి. కిరాయి దగ్గర రూపాయి రూపాయి లెక్క చూసుకునేవారు కాలం లెక్క మాత్రం చూసుకోవడం లేదు. చిక్కంతా అక్కడే వస్తున్నది.

సింహాచలం, కైలాసగిరి, బీచ్, వీలైతే అరకు... అన్నీ ఒక్క రోజులోనే చుట్టి రావాలన్నది చాలామంది ఆరాటం. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. అందులో ఘాట్ రోడ్డు ఉన్నది. పగలంతా బండి నడిపిన డ్రైవరు నిద్రకళ్లతో రాత్రివేళ ఆ మలుపులు దిగడమంటే అందరి ప్రాణాలతో చెలగాటమే.

అరకుకు దగ్గర దారి

నిజానికి ఈ రెండు జిల్లాలవారు అరకు చూడడానికి విశాఖ వెళ్లనవసరమే లేదు. విజయనగరం నుంచి నేరుగా శృంగవరపుకోట మీదుగా కొండ ఎక్కవచ్చు. రైలు కావాలనుకునేవారికి ఉదయం విశాఖలో బయలుదేరే కిరండూల్ పాసింజరు కొత్తవలసలోనూ, శృంగవరపుకోటలోనూ దొరుకుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960 దశకంలో వేసిన లైను అది. సొరంగాలు, లోయలు చూడాలంటే వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బొర్రా గుహల మీదుగా రోడ్డు మేలు. శనివారం దానికి సరిపోతుంది.

ఆదివారం పట్నానికి ఉంచుకోవాలి. ఉదయమే సింహాద్రి అప్పన్న దర్శనం. తరువాత బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో సేవ ముగించిన ఆ నౌకను 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. దాని ఎదుటే 2017 నుంచి టీయూ-142 విమానమూ ఉన్నది. పిల్లలకు పది పాఠాలకంటె ఈ రెండూ మేలు. సెలవు కలిసి వచ్చిందని సోమవారానికి వాయిదా వేస్తే మాత్రం జలాంతర్గామి ఉన్న ప్రదర్శనశాలకు ఆ రోజు సెలవు. ఇంకా పొద్దుంటే తొట్లకొండ బౌద్ధ శిథిలాలు చూసి భీమిలి దాకా వెళ్లిరావచ్చు.

చెరువు ఈత చాలదు

అన్నిటికంటె ముఖ్యమైనది సముద్రం. చెరువులోనో, కాలువలోనో ఈత నేర్చిన కుర్రాళ్లు రాత్రంతా ప్రయాణం చేసి, దిగీ దిగగానే కెరటాల్లోకి ఉరుకుతున్నారు. ఆర్కే బీచ్ నడవడానికి, కూర్చోవడానికి బాగుంటుంది గాని స్నానానికి మంచిది కాదు. అక్కడ ఒడ్డు ఒక్కసారిగా లోతుకు జారుతుంది. వచ్చే కెరటం పడదోస్తే, పోయే కెరటం కాలికింద ఇసుకను లాగేస్తుంది. యారాడలోనూ ఏమరుపాటు పనికిరాదు.

లోపలికి లాగే పాయలో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ పాయ నుంచి బయటపడాలి. ఒడ్డున ఉన్నవారు వెంటపడి దూకకుండా తాడో, గాలి ట్యూబో విసిరి 112కు ఫోను చేయాలి. ఒకరిని రక్షించబోయి మరొకరు పోవడం ప్రతి ఏటా వింటున్నదే. విహారానికి వెళ్లిన బండి శవంతో తిరిగి రావడం కంటె ఘోరం మరొకటి లేదు.

ఇందులో అధికారుల బాధ్యతా ఉన్నది. ప్రమాదకరమైన చోట్ల పెద్ద తెలుగు అక్షరాలతో, బొమ్మలతో బోర్డులు నిలపాలి. చదువురానివారికి మైకులో చెప్పించాలి. ఆదివారాలు, కార్తీక, మాఘ పౌర్ణములనాడు గజ ఈతగాళ్ల సంఖ్య పెంచి, చీకటి పడేదాకా ఉంచాలి. ఎత్తయిన కెరటాల గురించి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఇచ్చే హెచ్చరికలు పల్లె సచివాలయాల దాకా రావాలి. పల్లెవారు సామాను పెట్టుకోవడానికి, బట్టలు మార్చుకోవడానికి చౌకలో గదులుంటే ఆడవారి ఇబ్బంది తప్పుతుంది.

అయితే బోర్డు పెట్టినంత మాత్రాన ప్రాణం నిలవదు. బండి ఎక్కక ముందే పెద్దలు పిల్లలకు చెప్పవలసిన మాట చెప్పాలి. రెండు చోట్లు తగ్గినా ఫరవాలేదు, వెళ్లినవారందరూ తిరిగి రావాలి.