కుక్కకు ఏటేటా టీకా అవసరమా?



ఇంటి కుక్కకు గాని మంద కుక్కకు గాని ప్రతి సంవత్సరము టీకా వేయింపవలెనా, ఒకమారు వేయించిన చాలునా అను ప్రశ్న ఇటీవల తరచుగ వినవచ్చుచున్నది. "మూడేండ్లకొక సూది చాలునట గదా, మనకు మాత్రము ఏడాదికొకటి ఎందులకు?" అని కొందరందురు. "కుక్కకు సూది ఏమిటి, దాని పాటికది బ్రతుకును" అని మరికొందరందురు. మొదటి మాటలో కొంత నిజమున్నది. రెండవ మాటలో ప్రాణాపాయమున్నది. నేను పశువైద్యుడను కాను, వ్యవసాయాధికారిని. అయినను ఈ కంబదూరు ప్రాంతమున మెట్టసేద్యమును, గొర్రెల పెంపకమును విడదీయరాదు. మందను కాచు కుక్క సంగతి సేద్యపు సంగతియే గనుక నా అభిప్రాయమును మీ ముందుంచుచున్నాను.

మన అనంతపురము జిల్లాలో వర్షము తక్కువ. ఎర్రనేలలో వేరుసెనగ విత్తి ఆకాశము వైపు చూచు రైతును, పంట పోయిన యేట నిలబెట్టునది గొర్రెల మంద. కోత అయిన చేలలో మందను నిలిపి ఎరువు చేసికొనుట మన పెద్దలనాటి పద్ధతి. రాత్రివేళ ఆ మందకు కావలి కుక్క. తోడేళ్లు, నక్కలు తిరుగు గుట్టల అంచున కుక్క లేనిదే కాపరి కంటికి కునుకు పట్టదు. ఆ తోడేలుకు, నక్కకు, ఊరకుక్కకు కూడ రేబిస్ అనబడు పిచ్చికుక్క వ్యాధి సోకవచ్చును. వాటిని ఎదిరించి కాటుపడునది మన కుక్కయే. తెల్లవారి ఇంటికి వచ్చి పిల్లల చేతి ముద్ద తినునదియు అదియే. కనుక పట్నములో గొలుసున కట్టిన కుక్క కంటె మంద కుక్కకే ఈ అపాయము ఎక్కువ.

ఈ వ్యాధి లక్షణములు పైకి కనబడిన పిదప మనిషికి గాని పశువునకు గాని బ్రతుకు దాదాపు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము ఏటా సుమారు 59,000 మంది దీనికి బలియగుచున్నారు. ఆ మరణములలో నూటికి 36 వంతున మన దేశముననే జరుగుచున్నవి. మనుష్యులకు సోకు రేబిస్‌లో నూటికి 99 వంతుల వరకు కుక్క వలన వచ్చునదే. అనుమానపు కాటు పడినవారిలో నూటికి 40 మంది పదునైదేండ్ల లోపు పిల్లలు. ఇది దూరపు లెక్క యని తలపవలదు. మంద వెంట, దొడ్డి వద్ద, బడి దారిలో కుక్కకు దగ్గరగ మెలగువారు మన పిల్లలే గదా!

ఇక గడువుల సంగతి చూతము. ఏ టీకా గడువు దానిదే యని మన గొర్రెల కాపరులకు తెలియనిది కాదు. గాలికుంటుకు పశువులకు ఆరు నెలలకొకమారు టీకా వేయుదురు. గొర్రెలకు చిటుక రోగపు టీకా ఏటేటా తొలకరికి ముందు వేయుదురు. పారుడు రోగపు టీకా ఒకమారు వేసిన సుమారు మూడేండ్లు కాపాడును. ఒక రోగపు గడువును మరొక రోగమునకు అంటగట్టిన మంద నష్టపోవును. కుక్క విషయమునను న్యాయము ఇదియే.

పార్వో, డిస్టెంపర్ మొదలగు రోగములకు కుక్కపిల్లకు ఆరు, ఎనిమిది వారముల వయసు నుండి పదునారు వారములు నిండువరకు విడతలుగ టీకాలు వేయింపవలెను. ఏడాది లోపల గాని, ఏడాది నిండగనే గాని బలపు టీకా వేయింపవలెను. ఆపైన పెద్ద కుక్కకు వానిని మూడేండ్లకు ఒకమారు కంటె తరచుగ వేయనవసరము లేదని ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘము చెప్పుచున్నది. ఎలుకల మూత్రము వలన వ్యాపించు లెప్టోస్పైరా రోగపు టీకా శక్తి మాత్రము ఏడాదికి మించి నిలువదు. కనుక అన్ని టీకాలను ఏటేటా వేయింపుమని ఎవరైన చెప్పినచో, "ఏ రోగమునకు? దాని గడువెంత?" అని అడుగుట మీ హక్కు. అనవసరపు ఖర్చు రైతు మోయనక్కరలేదు.

రేబిస్ టీకాను మాత్రము మన ప్రాంతమున ఏటేటా వేయింపవలసినదే యని నా దృఢాభిప్రాయము. కొన్ని దేశములలో మూడేండ్ల గడువు గల రేబిస్ టీకాలకు అనుమతి యున్నమాట నిజమే. అయితే అమెరికాలో సైతము మొదటి టీకా ఏడాదికే లెక్క. ఏడాది నాటికి రెండవ టీకా వేసిన పిదపనే మూడేండ్ల లెక్క మొదలగును. అందులకు చీటీ, తేది, ముద్ర అన్నియు ఉండవలెను. మన మంద కుక్కలలో ఎన్నింటికి చీటీ యున్నది? మూడు నెలల లోపు పిల్లకు వేసినచో తల్లిపాల వలన వచ్చిన రక్షణ అడ్డుపడి టీకా సరిగ పట్టకపోవచ్చును. నులిపురుగులతో, అరకడుపుతో నున్న కుక్కకు బలము తక్కువ కలుగును. టీకా మందును 2 నుండి 8 డిగ్రీల చలువలో ఉంచవలెను. మన వేసవిలో చలువపెట్టె లేక సంచిలో తెచ్చిన మందును నమ్మరాదు. ఇన్ని అనుమానములున్నచోట మూడేండ్లు కండ్లు మూసికొని కూర్చుండుట తగదు. ఏటేటా వేయించిన టీకా ఈ లోపములను సరిదిద్దుకొను అవకాశము.

మరియొక కారణము కలదు. టీకా ఒక కుక్కకే గాక ఊరికి రక్ష. ఊరిలోని కుక్కలలో నూటికి 70 వంతులకు టీకా పడినచో వ్యాధి పాకుట ఆగునని నిపుణుల నిర్ణయము. ఈ యేడు 70కి వేసితిమని తృప్తిపడిన, వచ్చు ఏటికి కొన్ని ముసలివి చచ్చును, కొత్త పిల్లలు పుట్టును, టీకా లేనివాటి లెక్క పెరుగును. ఏటేటా కార్యక్రమము జరుగనిదే ఆ లెక్క నిలువదు. ఊరకుక్కలకు కుటుంబ నియంత్రణ చికిత్సయు, టీకాయు చేయించు బాధ్యతను 2023 నాటి నియమములు స్థానిక సంస్థలపై పెట్టినవి. కుక్కల వలన వచ్చు రేబిస్‌ను 2030 నాటికి రూపుమాపవలెనని 2021లో జాతీయ ప్రణాళిక వెలువడినది. మన యిండ్ల కుక్కలను వదలిపెట్టి ఆ పని నెరవేరదు.

పాస్టరు 1885 జూలై 6న కుక్కకాటు పడిన బాలునికి తొలిసారిగ టీకా ఇచ్చెను. ఆ దినమున ఏటేటా మన పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగ టీకాలు వేయుట వాడుక. ఏర్పాటు మంచిదే. కాని జూలై నెల మన ప్రాంతమున వేరుసెనగ విత్తు కాలము. పదును తప్పునని రైతు చేను విడువడు, మంద పచ్చికకై దూరము పోయియుండును. ఆస్పత్రికి గొలుసు కుక్క వచ్చును గాని మంద కుక్క రాదు. కనుక నా సూచన యిది. తొలకరికి ముందు గొర్రెలకు చిటుక రోగపు టీకా వేయుటకు సిబ్బంది తెల్లవారుజామున దొడ్డి వద్దకు వచ్చుదురు గదా! ఆ పూటనే మంద కుక్కకును రేబిస్ టీకా వేయునట్లు ఏర్పాటు కావలెను. కాపరి చేయవలసినది కుక్కను కట్టివేసి పట్టుకొనుటయే. వేసిన తేదిని చీటీపై వ్రాయించి ఇంట భద్రపరుపుడు. ఇందులకు పెద్ద ఖర్చు లేదు. వలసినది రెండు శాఖల పొందికయు, మీ ఒత్తిడియు. వచ్చు గ్రామసభలో ఈ మాట మీరే ఎత్తుడు.

టీకా వేసిన కుక్క కరచినను నిర్లక్ష్యము తగదు. గాయమును వెంటనే సబ్బుతో, ధారగ పోయు నీటితో 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు. అదే దినము ప్రభుత్వాసుపత్రికి పోయి మనిషికి టీకా మొదలు పెట్టింపవలెను. గాయము లోతైనచో దానితోపాటు గాయమున వేయు మందు కూడ అవసరము. కరచిన కుక్కను చంపక 10 దినములు కట్టి కనిపెట్టవలెను గాని, ఆ పది దినములు చికిత్స ఆపరాదు. బొడ్డు చుట్టు 14 సూదులను భయము నేడు అక్కరలేదు. ఆ పాత మందు 2005 నుండి మన దేశమున వాడుకలో లేదు. ఇప్పుడు చేతికి కొద్ది సూదులే. ఆవును గాని మేకను గాని పిచ్చికుక్క కరచినచో దానికిని వెంటనే టీకాలు వేయింపవలెను.

సోదరులారా! తక్కిన టీకాల గడువును పశువైద్యుని అడిగి నడచుకొనుడు. రేబిస్ టీకాను మాత్రము ఒక్క యేడు కూడ తప్పింపకుడు. రాత్రంతయు మేల్కొని మీ మందను కాచు కుక్కకు ఏడాదికొక పూట మీరు కాపుండుట న్యాయము. అది మీ పిల్లలకు మీరే కట్టు రక్షాబంధము.