కొలత లేని పలుచన

"పలుచన" అనే మాటకు మన భాషలో రెండర్థాలున్నవి. చిక్కదనం తగ్గడం ఒకటి, గౌరవం తగ్గడం రెండవది. మా సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు కొత్త ఇండ్లలో లోపలి తలుపులకు రంగు వేసే తీరు చూస్తే ఆ రెండూ ఒకచోటే కలిసినవనిపిస్తుంది.

బ్రష్ సులువుగా ఆడాలని ఎనామిల్‌లో టర్పెంటైన్ చేతికొచ్చినంత పోస్తారు. అడిగితే "పలుచగుంటేనే సాపుగ వస్తది సారూ" అంటారు. ఇందులో సగమే నిజం. మన ఎండలకు రంగు త్వరగా బిగుస్తుంది గనుక కొద్దిగా కలపడం తప్పు కాదు. కాని టర్పెంటైన్ ఆవిరైపోయేది. తలుపుపై నిలిచేది రంగుపొడి, దానిని పట్టి ఉంచే జిగురు. ఎక్కువ పోసినకొద్దీ ఆ పొర సన్నగిల్లుతుంది, నిలువు తలుపు మీద రంగు చారలు చారలుగా కారుతుంది. రెండు కోట్ల పని మూడవ కోటు అడుగుతుంది. ఇక సులువెక్కడ?

అడుగున పేరుకున్నది కర్రతో బాగా కలియబెట్టి, పైన కట్టిన తెట్టును బట్టలో వడగడితే సగం పని తీరుతుంది. ఆ తరువాతనే, డబ్బాపై చెప్పిన పరిమాణం మించకుండా, కొంచెం కొంచెంగా కలపాలి. నీటితో కలిపే రంగులకు టర్పెంటైన్ అసలే పనికిరాదు.

అయితే డబ్బాపై వ్రాసినది చదివేదెవరు? నేను చూచిన డబ్బాలపై ఆ సూచనలు ఆంగ్లంలో, చీమతలలంత అక్షరాలలో ఉన్నవి. చదవలేని సూచన ఇచ్చి, పనివానికి కొలత తెలియదనడం న్యాయమా?

మూసిన గదిలో ఆ ఆవిరి పీల్చేది అతడే. తలనొప్పి, తలతిరుగుడు అతనివే. ఇండ్ల రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని 2017 నవంబరు 1 నుండి నిబంధన అమలులో ఉన్నది. మన ఇంటిలో పోసే టర్పెంటైన్‌కు కాపలా మాత్రం మనమే. కిటికీలు తెరిపించడానికి చట్టం కావాలా?

పటాన్‌చెరు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టుకు వ్యాజ్యం వెళ్ళింది. నక్కవాగు గతి చూచి కర్మాగారాలను నిలదీసిన మనమే బ్రష్‌లు కడిగిన టర్పెంటైన్‌ను మోరీలో పోయించడం ఏ నీతి? మూతపెట్టి ఉంచితే రంగు అడుగుకు దిగుతుంది, పైన తేరినది మళ్ళీ కడగడానికి పనికివస్తుంది.

తప్పంతా పనివానిది కాదు. చదరపు అడుగుకింతని గీచి గీచి బేరమాడి, ఎల్లుండే గృహప్రవేశమని తొందరపెట్టే యజమానిదే మొదటి తప్పు. అతనికి ఇంకొక రోజు గడువివ్వండి, కొలత తెలుగులో చదివి వినిపించండి. పనిని పలుచన చేసినది మనమైనప్పుడు, దాని గౌరవం నిలుపవలసినదీ మనమే.