కొనేవాళ్లేరి?
1998లో అబ్దుల్ కలాం, హైదరాబాద్ గుండె వైద్యుడు సోమరాజు కలిసి చౌక స్టెంటు తెచ్చారని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ రోగి బిల్లులో స్టెంటు ధర గట్టిగా దిగింది 2017 ఫిబ్రవరిలో, మందు పూత ఉన్నదానికి కేంద్రం 29,600 రూపాయల గరిష్ఠ ధర కట్టాక. అంతకుముందు ఆ సరుకు లక్ష దాటేది. అంటే, ఇక్కడ తయారైనంత మాత్రాన చవకైపోదు. మదురై కథ వేరు. అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1992లో ఆరోల్యాబ్ అనే తయారీ సంస్థ పెట్టి, శుక్లం తీశాక కంట్లో అమర్చే లెన్సును విదేశీ ధరలో చిన్న వంతుకే చేసి చూపించారు. యంత్రాలు ఎవరైనా కొనగలరు. వాళ్లకున్న అసలు బలం, ఆ లెన్సులను రోజూ వాడి మంచిచెడ్డలు మొహమాటం లేకుండా చెప్పే సొంత ఆసుపత్రి. వైద్య పరికరాల తయారీకి పెట్టిన విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో, చిన్న కంపెనీ సొంతంగా కట్టుకోలేని పరీక్షా ల్యాబులను అందరికీ ఉమ్మడిగా పెట్టారు, మంచిదే. అయితే ప్రభుత్వాసుపత్రుల టెండర్లలో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ముద్ర అడుగుతున్నారని దేశీ తయారీదారులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. మన ల్యాబులో నెగ్గిన పరికరాన్ని మన ఆసుపత్రే నమ్మకపోతే ఇంకెవరు కొంటారు? ముందు ఆ షరతు తీసేసి, ఆ పరికరాలను ఓ నాలుగు జిల్లా ఆసుపత్రుల్లో ఏడాదిపాటు వాడి చూడండి, మరమ్మతు మనిషిని కంపెనీయే పంపాలన్న ఒప్పందంతో.