భయపెట్టడానికి మన కొండలే దొరికాయా?

కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

మా హాస్టల్‌లో శనివారం రాత్రి అంటే దెయ్యం సినిమానే. ఎవరి రీచార్జ్‌తో ఏ ఓటీటీ ఫ్రీగా వస్తే అందులో, ఒక్క ఫోను బకెట్‌కి ఆనించి పదిమందిమి చూస్తాం. పెద్ద హీరోల సినిమాల కన్నా మాకివే ఇష్టం. డబ్బుల్లేనోడు తీశాడని తెలిసిపోతూనే ఉంటుంది, అయినా భయమేస్తుంది.

1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ చూశారా? ముగ్గురు స్టూడెంట్లు కెమెరాలు పట్టుకుని అడవిలో తప్పిపోతారు. మంత్రగత్తె ఒక్కసారి కూడా కనపడదు. పుల్లలు విరిగిన చప్పుడు, టెంట్ బయట ఏవో గొంతులు, అంతే. ‘పారానార్మల్ యాక్టివిటీ’ని ఓరెన్ పెలి తన సొంతింట్లోనే తీశాడు, ఖర్చు సుమారు 15 వేల డాలర్లు. మంచానికి ఎదురుగా కెమెరా, దానంతటదే కదిలే తలుపు. ఆ రాత్రి మాలో ఎవడూ ఒంటరిగా బాత్రూమ్‌కి పోలేదు!

తెలుగులో ‘మా ఊరి పొలిమేర’ 2021లో థియేటర్‌కి పోకుండా నేరుగా హాట్‌స్టార్‌లో వచ్చింది. పెద్ద స్టార్ లేడు, సత్యం రాజేష్ ఆటో డ్రైవర్. జనం ఫోన్లలోనే చూసి నిలబెట్టారు, 2023లో రెండో భాగం థియేటర్లకొచ్చింది. బాగా తీశారు, కాదనం. చూడనోళ్లున్నారు కాబట్టి క్లైమాక్స్ చెప్పం.

మా పేచీ ఆ ఒక్క సినిమాతో కాదు. అది ఆడాక అందరూ పట్టుకున్న దారితో. చేతబడి, నిమ్మకాయలు, పుర్రెలు, కొండమీద ఒక మంత్రగాడు. ఆ కథల్లో చాలావాటిలో చేతబడి నిజం. చేసినోడు నిజంగానే చేస్తాడు, అవతలోడు నిజంగానే చస్తాడు. ఆఖర్న ఊరోళ్ల అనుమానమే కరెక్టని తేలుతుంది.

మా పాడేరు వైపు దీన్ని చిల్లంగి అంటారు. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఏజెన్సీ నుంచి ఎన్నిసార్లు చదవలేదు మనం? పిల్లాడు జ్వరంతో పోతే అది మలేరియానా, సికిల్ సెల్లా అని చూసేవాళ్లుండరు. పక్కింటి ముసలమ్మ మీదికి చూపు పోతుంది. లేదంటే భూమి తగాదా ఉన్న దాయాది మీదికి.

‘సినిమాని సినిమాలా చూడాల్రా’ అంటాడు మా సీనియర్ అన్న ఒకాయన. పట్నమోడికి సరే, చూసి పడుకుంటాడు. మా ఊళ్లో అదే సినిమా ఫోన్లో చూసిన మామ తెల్లారి లేస్తే ఎదురుగా కనపడేది ఆ ముసలమ్మే. అప్పటికే ఆమె మీద గుసగుసలుంటే, సినిమా ఇంకో సాక్షి అవుతుంది.

ఇంకోటి. మన దిసారి విత్తనాలకీ పండగలకీ మంచిరోజు చూసిచెప్పే పెద్దమనిషి. తెరమీదికెళ్లేసరికి మెడలో ఎముకలేసుకుని కేకలేస్తాడు. అడవంటేనే దెయ్యాల కొంప అన్నట్టు చూపిస్తారు. రాత్రిపూట మాకు ఎలుగుబంటి భయం ఉంది, పాము భయం ఉంది. అన్నిటికన్నా పెద్దది, రోడ్డు లేని ఊళ్లో అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులొస్తాయేమోనన్న భయం. అది ఎవడూ తీయలేదు, మేం చూసిన వాటిల్లో.

సినిమాలు ఆపేయమని ధర్నా చేయం. వచ్చే శనివారం కూడా చూస్తాం. కానీ బ్లెయిర్ విచ్ లెక్కన చూస్తే మన దగ్గర లేనిదేంటి? అడవుంది, చీకటుంది, ఫోనుంది. డోలీలో మూలుగుతున్న అక్క, మోసే నలుగురు, ఎక్కడో వాగు చప్పుడు, టార్చిలో చార్జింగ్ అయిపోతుంటుంది. దెయ్యం అక్కర్లేదు. పది నిమిషాల సినిమా, సంక్రాంతి సెలవుల్లో తీద్దామనుకుంటున్నాం. కథ సగం రాశాం, డోలీ మా ఊళ్లోనే ఉంది. మంచి మైకు ఎవరి దగ్గరుందో చెప్పండి.